కాకా హోటల్లో స్టూలు ఎవరిది?

(మండల కార్యకర్తల తరగతిలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే అచ్చు వేస్తున్నాం.)



అమెరికా పోయొచ్చారు గదా, ఏదన్నా మాట్లాడండి అన్నారు. మేడల సంగతులూ విమానం సంగతులూ చెబుతామని పిల్లలు ముందు వరసలో కూచున్నారు. మేం చెప్పబోయేది టిఫిను సంగతి. నవ్వకండి. ఒక పొద్దుటిపూట దారిలో ఆగి ఒక హోటల్లో ఏం తిన్నాం, ఎట్లా కూచున్నాం, మా పక్కన ఎవరు కూచున్నారు, ఆ స్టూలు మీద కూచోటానికి ఎవరెవరు దెబ్బలు తిన్నారు, ఇదే ఇవ్వాళ్టి విషయం. మనిషిని మనిషి పక్కన కూచోనిస్తారా లేదా అనేది బడిలో కంటే, గుళ్లో కంటే ముందు టీ బంకు దగ్గరే తెలుస్తుంది. మీకు తెలియని సంగతి కాదిది.

జార్జియా రాష్ట్రంలో అట్లాంటా అని పెద్ద పట్నం ఉంది. మార్టిన్ లూథర్ కింగ్ పుట్టిన ఊరు. అక్కణ్ణించి ఉత్తర కెరోలినా రాష్ట్రంలో గ్రీన్స్‌బరో అనే ఊరికి మేం ముగ్గురం కారులో బయల్దేరాం. ఐదారు గంటల దారి. మధ్యలో దక్షిణ కెరోలినా వస్తుంది. ఇదంతా అమెరికా దక్షిణాది. నల్లవాళ్లను గొడ్లను కొన్నట్టు కొని, అమ్మి, వాళ్ల చేత పత్తి తీయించిన నేల. ఎర్రటి ఎండలో పత్తి తీయటమంటే ఏందో ఇక్కడ కూచున్న అక్కల వేళ్లనడిగితే చెబుతయి.

ఆ రోజు ఆదివారం. దక్షిణ కెరోలినాలో రోడ్డు పక్కన ఒక హోటలు దగ్గర ఆగాం. మన కాకా హోటలు లాంటిదే, కాకపోతే అద్దాల గోడలు. లోపలికి పోగానే పొడుగాటి బల్ల, బల్ల ముందు నేలకు బిగించిన గుండ్రటి స్టూళ్లు. బల్లకు అవతల మన కళ్ల ముందే పొయ్యి, అట్ల పెనం లాంటి పెద్ద ఇనప పెనం. మాస్టరు నల్ల కుర్రోడు. చేత్తో గుడ్లు కొడుతున్నాడు, అట్లకాడతో తురిమిన బంగాళాదుంపలు తిరగేస్తున్నాడు, ఒక్క క్షణం ఆగటం లేదు. వడ్డించేది అరవై దాటిన తెల్ల ఆవిడ. కూచున్నామో లేదో కప్పులు పెట్టి కాఫీ పోసింది. అందర్నీ 'హనీ' అంటుంది. అంటే తేనె. మన పక్క అమ్మా, నాయనా అని పిలిచినట్టు. కప్పు సగానికి వస్తే అడగకుండానే మళ్లీ పోస్తుంది, దానికి వేరే డబ్బుల్లేవు. పాలు లేని నల్ల కాఫీ. మాకు సయించలేదు. చక్కెర నాలుగు పొట్లాలు కలుపుకుంటే గానీ గొంతు దిగలేదు.

తిండి సంగతి అక్కలు అడుగుతారని గుర్తు పెట్టుకొని వచ్చాం. గ్రిట్స్ అని తెల్లటి జావ పెట్టారు. మొక్కజొన్న రవ్వతో కాస్తారు. మన సంకటి కంటే పల్చన, జావ కంటే చిక్కన. పైన వెన్న ముద్ద. బిస్కెట్టు అంటే మన టీలో ముంచుకునేది కాదు, మజ్జిగా వెన్నా కలిపిన పిండితో చేసి పొయ్యిలో కాల్చిన మెత్తటి రొట్టె. దాని మీద తెల్లటి పులుసు పోస్తారు. పందిమాంసం వేయించిన కొవ్వులో పిండి వేసి, పాలు పోసి, మిరియాలు చల్లి కాస్తారు. చూస్తే గంజిలా ఉంటుంది, తింటే బాగుంటుంది. పక్కన పందిమాంసం ముద్దను బిళ్లగా తట్టి కాల్చిన సాసేజీ. మాలో ఒకరు రెండోసారి కూడా అడిగి పెట్టించుకున్నారు, పేరు చెప్పం.

ఈ తిండి ఎవరిది? గోడ మీద బొమ్మల్లో టోపీ పెట్టుకున్న తెల్లదొరలు ఉంటారు గానీ, మొక్కజొన్న దంచి జావ కాయటం ఆ నేల అసలు మనుషులైన ఆదివాసులు నేర్పిందే. బానిసలకు వారానికింత మొక్కజొన్న పిండి, ఇంత ఉప్పు పట్టించిన పందిమాంసం కొలిచి పోసేవాళ్లు. మన పాలేళ్లకు గింజలు కొలిచినట్టే. మంచి కండ దొర బల్ల మీదికి పోతే కాళ్లు, చెవులు, పేగులు నల్లవాళ్ల వాడకు వచ్చేయి. బోటి ఎట్లా కడగాలో, ఎట్లా వండితే రుచో మనకెవరూ నేర్పనక్కర్లేదు గదా, వాళ్లకూ అంతే. దొరల వంటగదుల్లో వండింది కూడా ఎక్కువచోట్ల నల్ల ఆడవాళ్లే. వాళ్ల చేతి వంట తిన్నారు, వాళ్ల చేతుల్లో పిల్లల్ని పెట్టి పెంచుకున్నారు, వాళ్లు పక్కన కూచుంటే మాత్రం మైల.

మా స్టూళ్ల పక్కన ఒక నల్ల ముసలాయన, ఆయన భార్య. చర్చికి పోయే బట్టల్లో ఉన్నారు. ఆయనకు అవతల తెల్ల లారీ డ్రైవరు. అందరి ముందూ ఒకటే రకం తెల్లటి మందపాటి కప్పు. ఎంగిలి కప్పులన్నీ తీసుకుపోయి ఒకటే తొట్టిలో వేస్తున్నారు, ఒకటే తట్ట మీద ఆరబెడుతున్నారు. మేం ముగ్గురం ఆ కప్పుల తట్ట వంకే చూస్తున్నాం. ముసలాయన, ఎక్కడికి పోతున్నారని అడిగాడు. గ్రీన్స్‌బరో అన్నాం. "ఆ స్టూళ్లు చూడటానికా" అన్నాడు. అంతే, ఇంకేం మాట్లాడలేదు. తన కాఫీ తను తాగాడు.

ఆయన వయసు చూస్తే, ఆయన చిన్నతనంలో అట్లాంటి బల్ల ముందు కూచోనిచ్చే వాళ్లు కాదు. దక్షిణాదిలో ఎక్కడికక్కడ చట్టాలే చేసుకున్నారు. అలబామాలో బర్మింగ్‌హామ్ అనే నగరం శాసనం చెబుతాం వినండి. ఒకే గదిలో తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ తిండి పెట్టాలంటే మధ్యలో నేల నుంచి ఏడడుగుల ఎత్తు గోడ ఉండాలి, వీధిలోంచి వేరే తలుపు ఉండాలి. మన దగ్గర ఏ పంచాయతీ తీర్మానంలోనూ రాసి లేదు గానీ ఏడడుగుల గోడ ఎక్కడుందో ఊళ్లో పసిపిల్లకు కూడా తెలుసు.

చాలాచోట్ల నల్లవాళ్లు హోటలు వెనక కిటికీ దగ్గర నిలబడి డబ్బులిస్తే కాగితం సంచిలో కట్టి ఇచ్చేవాళ్లు. దూరం పోవాలంటే భయం. ఎక్కడ తినాలి, ఎక్కడ పడుకోవాలి, ఎక్కడ దొడ్డికి పోవాలి? ఇంట్లోనే కోడి వేయించుకొని, గుడ్లు ఉడకబెట్టుకొని, చెప్పుల అట్టపెట్టెలో సర్దుకొని బయల్దేరేవాళ్లు. మన పెద్దవాళ్ల సద్దిమూటే అది. విక్టర్ గ్రీన్ అని న్యూయార్కులో ఒక నల్ల పోస్టుమాను, ఏ ఊళ్లో ఏ హోటలు మనల్ని రానిస్తుందో పేర్లన్నీ పోగేసి 1936లో ఒక పుస్తకం వేశాడు. ఆ పుస్తకం ముప్పై ఏళ్ల పాటు వస్తూనే ఉంది. ఉత్తరాలు పంచే ఉద్యోగి చేసిన పని అది. మనలో పోస్టాఫీసుల్లో, బ్యాంకుల్లో, బళ్లల్లో ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు ఇక్కడ కొందరున్నారు, అందుకే చెబుతున్నాం.

ఇక గ్రీన్స్‌బరో. 1960 ఫిబ్రవరి 1. ఎజెల్ బ్లెయిర్, ఫ్రాంక్లిన్ మెకెయిన్, జోసెఫ్ మెక్‌నీల్, డేవిడ్ రిచ్‌మండ్. నలుగురూ నల్లవాళ్ల కాలేజీలో మొదటి ఏడాది కుర్రాళ్లు. వూల్‌వర్త్ అనే పెద్ద కొట్టుకు పోయారు. ముందు టూత్‌పేస్టు లాంటి చిల్లర సామాను కొని రసీదు తీసుకున్నారు. ఈ రసీదు సంగతి గుర్తుపెట్టుకోండి. తర్వాత అదే కొట్లో టిఫిను బల్ల ముందు స్టూళ్ల మీద కూచొని కాఫీ అడిగారు. మీకు ఇక్కడ పెట్టం అన్నారు. అక్కడ మా డబ్బు తీసుకున్నారు గదా, ఇక్కడెందుకు తీసుకోరు అని అడిగారు. జవాబు లేదు. కొట్టు మూసేదాకా కూచొని లేచి వచ్చారు.

అప్పుడు బల్ల వెనక పనిచేసే నల్ల ఆవిడే వాళ్లను తిట్టింది, లేచి పొమ్మంది. ఎందుకు తిట్టింది? ఆమె కూలి అక్కడుంది. మన ఊళ్లో కూడా ముందు అడ్డం వచ్చేది మన చినాయనలే, మన మేనత్తలే. "ఎందుకురా గొడవ, రేపు పనిలోకి పిలవరు" అంటారు. వాళ్లను తిట్టకండి. వాళ్ల భయం అబద్ధం కాదు. అదే కొట్లో ఒక తెల్ల ముసలావిడ కుర్రాళ్ల దగ్గరికి వచ్చి, ఈ పని ఇంకా ముందే చేయాల్సింది అన్నదని మెకెయిన్ తర్వాత చాలాసార్లు చెప్పాడు. అదీ ఉంది, ఇదీ ఉంది.

రెండో రోజు ఇంకా కొందరు వచ్చారు. వారం తిరక్కుండానే వందల మంది. రెండు నెలల్లో యాభైకి పైగా పట్నాల్లో కుర్రాళ్లు పోయి బల్లల ముందు కూచున్నారు. గ్రీన్స్‌బరోలో ఆ కొట్లో కొనటమే మానేశారు నల్లవాళ్లు. వ్యాపారం పడిపోయింది. జూలై 25న కొట్టువాడు దిగొచ్చాడు. ఆ రోజు ఆ బల్ల ముందు మొట్టమొదట కూచోబెట్టి పెట్టింది ఎవరికో తెలుసా? ఆ కొట్లోనే పనిచేసే నల్లవాళ్లకు. ఎన్నో ఏళ్లుగా ఆ బల్ల అవతల వండుతూ, కడుగుతూ ఉన్నవాళ్లు ఇవతలికి వచ్చి కూచొని తిన్నారు. ఇప్పుడు ఆ కొట్టు మ్యూజియం. 2010 ఫిబ్రవరి 1న తెరిచారు. ఆ బల్ల, ఆ స్టూళ్లు అట్లాగే ఉన్నయి. మేం ఎక్కువ సేపు నిలబడింది అక్కడే.

ఒక పెద్దాయన చెయ్యెత్తారు. నలుగురు కుర్రాళ్లు పోయి కూచుంటే అయిపోయిందా అని అడుగుతున్నారు. కాదు పెద్దాయనా. కూచున్నవాళ్లు ఏం పడ్డారో చెబుతాం. 1963 మే 28న మిసిసిపీలో జాక్సన్ అనే ఊళ్లో ఇట్లాగే బల్ల ముందు కూచున్న విద్యార్థుల నెత్తిన తెల్ల కుర్రమూక టమాటా పచ్చడి, ఆవాల ముద్ద, చక్కెర కుమ్మరించింది. కొట్టింది, స్టూలు మీంచి లాగి పడేసింది. మూడు గంటలు. పోలీసులు బయటే ఉన్నారు. ఆ ఫొటో లోకమంతా చూసింది. అందులో కూచున్న యాన్ మూడీ అనే అమ్మాయి తర్వాత తన కథ పుస్తకంగా రాసింది. ఆమె అమ్మానాన్నలు పొలం కౌలుకు చేసిన కూలోళ్లు.

అట్లా కూచోటానికి తయారీ కావాలి. టెనెసీ రాష్ట్రంలో నాష్‌విల్ పట్నంలో జేమ్స్ లాసన్ అనే పాదిరి విద్యార్థులకు నెలల తరబడి తరగతులు పెట్టాడు. ఈయన 1953 నుంచి మూడేళ్లు మన నాగపూర్‌లో కాలేజీలో పనిచేసి వెళ్లినవాడు. ఇక్కడ గాంధీ పద్ధతులు చదువుకున్నాడని అందరూ రాస్తారు. ఏ నాగపూర్? 1956 అక్టోబరులో బాబాసాహెబు లక్షల మందితో బౌద్ధం తీసుకున్న నాగపూర్. ఆ సంగతి వాళ్లు రాయరు, మనం రాసుకోవాలి. లాసన్ తరగతుల్లో కొందరు తెల్లమూకలాగా నటించి తిట్టేవాళ్లు, తోసేవాళ్లు, పొగ మొహాన ఊదేవాళ్లు. మిగిలినవాళ్లు తిరిగి కొట్టకుండా, తిట్టకుండా, బల్ల వైపే మొహం పెట్టి కూచోటం నేర్చుకున్నారు. ఉతికిన బట్టలు వేసుకొని పోవాలి, పుస్తకాలు తీసుకుపోయి చదువుకోవాలి. ఒక వరసను అరెస్టు చేసి తీసుకుపోతే ఇంకో వరస వచ్చి ఆ స్టూళ్లలో కూచోవాలి. ఈస్టరు పండగకు ఊళ్లోని నల్ల కుటుంబాలు బట్టలు కొనటం మానేశాయి. 1960 మే 10న బల్లలు తెరిచారు.

డబ్బుల సంగతి ఎవరూ అడగలేదు. మేమే చెబుతాం. అలబామాలో మాంట్‌గోమరీ పట్నంలో 1955 డిసెంబరు నుంచి 381 రోజులు నల్లవాళ్లు బస్సు ఎక్కకుండా నడిచారు. ఆ పోరాటానికి తిండి పెట్టినావిడ జార్జియా గిల్మోర్. హోటల్లో వంటమనిషి. బిడ్డల తల్లి, మంత్రసాని పని కూడా తెలిసినావిడ. మొదటి సభ నాడే కోడిమాంసం పెట్టిన రొట్టెలు చేసి తెచ్చి అమ్మింది. తర్వాత ఇరుగుపొరుగు ఆడవాళ్లను కూడగట్టి ఇళ్లల్లో కేకులు, కూరలు వండించి క్షౌరశాలల్లో, ఇళ్లల్లో అమ్మి, ఆ డబ్బు తెచ్చి సభలో పోసేవాళ్లు. కార్లకు పెట్రోలు ఆ డబ్బుతోనే. కొన్నది తెల్లవాళ్లు కూడా, డబ్బు ఎక్కడికి పోతుందో తెలియక. ఎవరి పేరు బయటపడినా పని పోతుంది గదా, అందుకని సంఘానికి 'ఎక్కడిదీ కాని సంఘం' అని పేరు పెట్టారు. డబ్బు ఎక్కడిది అంటే, ఎక్కడిదీ కాదు! కోర్టులో సాక్ష్యం చెప్పినందుకు ఆవిడ పని పోయింది. కింగ్ ప్రోత్సాహంతో తన ఇంట్లోనే వండి పెట్టటం మొదలుపెట్టింది. ఆ ఇంటి బల్ల దగ్గర నల్లవాళ్లూ తెల్లవాళ్లూ మోచేతులు తగిలేలా కూచొని తిన్నారు, చట్టం రాకముందే. 1990 మార్చిలో, సెల్మా పాదయాత్రకు పాతికేళ్లయిన సందర్భంగా వచ్చేవాళ్ల కోసం వంట చేస్తూ చనిపోయింది. ఆవిడ వండి ఉంచిన ఆ కోడికూరే చూడవచ్చిన జనానికి పెట్టారు ఇంట్లోవాళ్లు.

మన పక్క టీ బంకు దగ్గర ఎదురు తిరిగితే మర్నాడు కూలికి పిలవరు, బాడుగ ఆటో రాదు, కొట్లో అరువు ఇవ్వరు. కార్యకర్తలు కేసు పెట్టించి పట్నం పోతారు, పల్లె పస్తుంటుంది. అందుకే గిల్మోర్ పొయ్యి గురించి ఇంతసేపు చెప్పాం. నెలకు చాలినన్ని గింజలు ఎవరింట్లో దాస్తారు, ఎవరు వండుతారు, ఇది ముందే మాట్లాడుకొని అప్పుడు బంకు ముందు బెంచీ మీద కూచోవాలి.

చట్టం 1964 జూలై 2న వచ్చింది. హోటళ్లు, టిఫిను బల్లలు అని పేరు పెట్టి రాశారు. మర్నాడే అట్లాంటాలో లెస్టర్ మాడాక్స్ అనే హోటలువాడు నల్లవాళ్లు రాకుండా పిస్తోలు పట్టుకొని నిలబడ్డాడు. వాడి మనుషులు గొడ్డలి కామలు పట్టుకొని నిలబడ్డారు. చివరికి హోటలు మూసుకున్నాడు గానీ వడ్డించలేదు. 1967లో వాణ్ణే జార్జియా గవర్నరుని చేశారు! బర్మింగ్‌హామ్‌లో ఇంకో హోటలు వాళ్లు కోర్టుకు పోయారు. వాళ్ల వంటగదిలో నల్లవాళ్లే పనిచేసేవాళ్లు, బల్ల ముందు మాత్రం తెల్లవాళ్లే. 1964 డిసెంబరు 14న సుప్రీం కోర్టు జడ్జీలందరూ ఒక్కమాటగా చట్టాన్ని నిలబెట్టారు. ఏ ఆధారంతో? ఆ హోటలు వండే మాంసం వేరే రాష్ట్రం నుంచి వస్తుంది, అది రాష్ట్రాల మధ్య వ్యాపారం, వ్యాపారం మీద కేంద్రానికి అధికారం ఉంది, అని. మనిషి పేరు మీద కాదు, మాంసం బండి పేరు మీద వచ్చింది తీర్పు.

మన రాజ్యాంగం 1950లోనే 15వ అధికరణంలో దుకాణాలు, హోటళ్లు అని రాసింది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955 చట్టం, 1976 నుంచి దాని పేరు పౌరహక్కుల రక్షణ చట్టం, నాలుగో సెక్షను తీసి చదవండి. హోటల్లో అందరికోసం ఉంచిన పాత్రలు వాడనివ్వకపోతే నేరం. నెలకు తక్కువ కాకుండా ఆరు నెలల దాకా జైలు, పైన జరిమానా. అంటే గ్లాసు సంగతి చట్టంలోనే ఉంది! వాళ్లకంటే మనకు ముందు వచ్చింది కాగితం. అయినా బంకు చూరుకు వేరే గ్లాసు వేలాడింది. దాని మీద గొడవైనచోట గ్లాసు తీసేసి మనకు కాగితం కప్పు ఇచ్చారు. తాగి పారేసే కప్పయితే కడిగే పని లేదు, మైల లేదు, కేసు లేదు. తెలివి చూశారా. వాళ్లు గాజు గ్లాసులో, మనం కాగితం కప్పులో. లేకపోతే "పార్సిలు తీసుకుపో" అంటారు. అమెరికాలో వెనక కిటికీ కాగితం సంచి ఇదే.

అక్కడ అంతా బాగుందని చెప్పటం లేదు. 1993లో మేరీలాండ్ రాష్ట్రంలో డెన్నీస్ అనే టిఫిను హోటల్లో దేశాధ్యక్షుడి రక్షణ దళంలో పనిచేసే ఆరుగురు నల్ల అధికార్లు కూచుంటే, తెల్ల అధికార్లకు వడ్డించి వీళ్లకు వడ్డించలేదు. ఇంకా ఎన్నో కేసులు కలిసి, 1994లో ఆ కంపెనీ 5 కోట్ల 40 లక్షల డాలర్లు కట్టటానికి ఒప్పుకుంది. జేబులో పిస్తోలు, సర్కారు బిళ్ల ఉన్నవాళ్లకే ఆ గతి. మాకు కాఫీ పోసిన తెల్ల ఆవిడ సంగతి కూడా చెప్పాలి. వడ్డించేవాళ్లకు యజమాని గంటకు 2 డాలర్ల 13 సెంట్లు ఇస్తే చాలని కేంద్ర చట్టం. 1991 నుంచి ఆ అంకె కదల్లేదు. మిగతాది తినేవాళ్లు బల్ల మీద పెట్టిపోయే చిల్లర. ఆ చిల్లరతో కూడా కనీస కూలి 7 డాలర్ల 25 సెంట్లు రాకపోతే యజమాని కలపాలని ఉంది, కలిపించుకోటం ఆవిడ తిప్పలు. స్టూలు ఇవతల గెలిచిన పోరాటం బల్ల అవతల ఇంకా మిగిలే ఉంది.

ఇంకో మాట. అక్కడ మనవాళ్లు, అంటే తెలుగువాళ్లు, వేలకు వేలు ఉన్నారు. మన ఊళ్లో వేరే గ్లాసు పెట్టించినాయన మనవడు కూడా ఆదివారం పొద్దున పెళ్లాం బిడ్డల్తో పోయి ఆ స్టూలు మీద కూచుంటాడు, నల్ల కుర్రోడు పోసిన అట్టు తింటాడు. ఆ స్టూలు ఆ కుర్రోడి తాతలు దెబ్బలు తిని ఖాళీ చేయించిందని వాడికి ఎవరూ చెప్పరు.

సరే, ఇక పని. మన మండలంలో టీ బంకులూ టిఫిను హోటళ్లూ ఎన్నున్నయో ఊరివారీగా రాసుకొచ్చిన కాగితాలు ఇక్కడ పెట్టండి. గ్లాసు వేరా, కప్పు వేరా, బెంచీ మీద కూచోనిస్తారా, గ్లాసు ఎవరు కడగాలి, ఈ నాలుగూ ప్రతి బంకుకూ రాయాలి. టీ తాగినప్పుడు ఒకరికి డబ్బులు ఫోనులో కట్టించండి, రోజూ టైమూ దాంట్లో పడతయి. అదే మన రసీదు. భోజనాలయ్యాక బల్లలు ఇటు జరపండి. నలుగురు అన్నలు బంకు యజమానులుగా, చుట్టూ మూగే జనంగా నిలబడాలి, నోటికొచ్చినట్టు తిట్టాలి. తిట్లు మనకు కొత్తవి కాదు, ఎవరికీ నేర్పక్కర్లేదు. మొదట కూచోబోయే ఆరుగురు ఆడపిల్లల పేర్లు అక్క రాసుకుంటుంది. చెప్పండి.